క్యాంపు బండికి కొన్న ఏసీ

మా ఇంట్లో అప్పటికి ఫ్రిజ్ లేదు. కూలర్ లేదు. ఒక టేబుల్ ఫ్యాను ఉండేది, అది తల తిప్పడం ఎప్పుడో మానేసి ఒకవైపే చూస్తుండేది. అట్లాంటి ఇంటివాళ్లం మేము ఏసీ కొన్నాం. అదీ ఇంటికి కాదు, చక్రాల బండికి. ఈ సంగతి చెబితే ఇప్పటికీ కొందరు నవ్వుతారు. నవ్వనిస్తాను. కోరుట్లలో మా వాడకట్టు మొత్తం నవ్వినప్పుడే నేను ఎవరినీ ఏమీ అనలేదు.

మా దగ్గర గల్ఫ్‌లో ఏ మూలకు పోయినా దుబాయి పోయాడనే అంటారు. మా ఆయన పోయింది మస్కట్. మగ్గం మీద తిండి వెళ్లక పోయాడు. పైపులు అతికే పనిలో ఉండగా మంటలు లేచి మెడ నుంచి నడుము దాకా కాలాడు. రెండు చేతులూ, ముఖం ఒకపక్కా కాలాయి. అక్కడి ఆసుపత్రిలో చాలా నెలలు ఉంచి, పుండ్లు మానాక కంపెనీ వాళ్లు టికెట్ కొని పంపించారు. శివరాత్రి పోయాక ఒక పొద్దున ఇంటి ముందు ఆటో ఆగింది. దిగిన మనిషిని నేను గొంతును బట్టి గుర్తుపట్టాను. ఏడుస్తానేమోనని పక్కింటి వాళ్లు నా వెనక వచ్చి నిలబడ్డారు. నాకు ఏమీ అనిపించలేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాను.

మా బిడ్డ అప్పటికి చిన్నది. తండ్రిని చూసి కెవ్వున అరిచి తలుపు వెనక్కి పోయింది. రెండు రోజులు అన్నం తినలేదు. చివరికి బుగ్గారంలో మా అమ్మ దగ్గర దింపి వచ్చాను. ఆయన ఎండ ముదురుతున్నా పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం మొదలుపెట్టాడు, అంతే.

అవి మా వైపు అన్నల కాలం, అంటే నక్సలైట్ల కాలం, పోలీసుల కాలం. ఊళ్లోకి కొత్తగా ఎవరు వచ్చినా ఇద్దరికీ తెలిసేది. కాలిన మనిషి వచ్చాడంటే ఇంకా తొందరగా తెలిసింది. బాంబు చుడుతుంటే పేలిందేమోనని ఇద్దరు కానిస్టేబుళ్లు ఇంటికి వచ్చి అడిగారు. ఆయన పాస్‌పోర్టు చూపించాడు. దాన్ని తిప్పి తిప్పి చూసి, చాయ్ తాగి పోయారు. అప్పటి నుంచి పాస్‌పోర్టు ఆయన చొక్కా జేబులోనే ఉండేది. నా భర్త కాలింది దేశం బయట అని రుజువు చేసే కాగితం ఇంట్లో అదొక్కటే.

కరీంనగర్ డాక్టరు చెప్పిన మాట మాత్రం నాకు బాగా అర్థమైంది. కాలిన తోలుకు చెమట పట్టదు. చెమట పట్టకపోతే ఒంట్లో వేడి బయటికి పోదు. గుండె కూడా బలహీనపడింది, ఇంకోసారి ఒళ్లు కాగితే అది తట్టుకోలేదు. మందులు రాసి ఇచ్చి ఆ డాక్టరు కిటికీ బయట ఎండను చూశాడు.

"ఎట్లన్న చేసి గీ ఎండకాలం దాటియ్యమ్మా. ఆయినెను సల్లగ ఉంచు. వానలు వడ్డయంటె ఇగ ఏడాది దాక భయం లేదు," అన్నాడు.

అంటే మిరుగం దాకా. మృగశిర కార్తెను మేము మిరుగం అంటాం. మిరుగానికి ముందు రోహిణి కార్తె ఉంది, అందులో రోళ్లు పగిలే ఎండలు ఉన్నాయి. ఆయన్ని ఆ ఎండలు దాటించి వాన చినుకు దాకా చేర్చాలి. ఆ ఎండాకాలం నాకున్న పని అదొక్కటే.

మాది గూనపెంకల ఇల్లు. పెంకల సందుల్లోంచి వెన్నెల నేల మీద పడేది. అట్లాంటి ఇంట్లో చల్లగాలి నిలబడదు. ఆయనే ఒక రోజు తడి తువ్వాల మీద పడుకుని, మస్కట్ క్యాంపులో తాము ఉన్న డబ్బా గదుల గురించి చెప్పాడు. బయట రేకు, లోపల చెక్క, మధ్యలో గాజుదూది. బయట నిప్పులు కురుస్తున్నా లోపల ఏసీ గాలి ఎటూ పోదట. అట్లాంటి డబ్బా జగిత్యాలలో పాత ఇనుము దుకాణం వెనక పడి ఉందని మస్కట్‌లోనే పనిచేసి వచ్చిన ఆయన దోస్తు కబురు తెచ్చాడు.

అది కాలువ పనులు చేసే కాంట్రాక్టరుది. సర్వేకు వచ్చే ఇంజనీర్లు అందులో పండుకునేవారు. రెండు బల్లలు, ఒక కిటికీ, గిన్నెలు కడిగే చిన్న తొట్టి, కింద నాలుగు చక్రాలు, ట్రాక్టరుకు తగిలించే కొక్కెం. అన్నలు ఒకసారి వచ్చి కాంట్రాక్టరు టిప్పర్లను తగలబెట్టారు. బండిలో కాపలాదారు భార్యాపిల్లలు ఉన్నారని దాన్ని వదిలేశారు. పక్కన టిప్పరు మంటకు బండి ఒకవైపు నల్లగా మాడింది. కాంట్రాక్టరు పని వదిలేసి పోయాడు, బండి ఇనుము లెక్కలోకి వచ్చింది.

మాడిన బండి ఇంటికి అచ్చిరాదని వాడకట్టు ఆడవాళ్లు నాకు బుద్ధి చెప్పారు. మా ఆయన దాని చుట్టూ మెల్లగా ఒక తిరుగుడు తిరిగి, నల్లబడిన రేకు పక్కన నిలబడి నన్ను పిలిచాడు.

"మంచిగ కుదిరింది సూడే. నాకు గీపక్క, దానికి గాపక్క," అన్నాడు.

వచ్చినప్పటి నుంచి ఆయన పరాచికం ఆడటం అదే మొదటిసారి. బండిని తెచ్చి దొడ్లో ఇటుకల మీద నిలబెట్టాం. వడ్రంగి వచ్చి ఒక బల్ల తీసేసి మంచం పట్టేంత చోటు చేశాడు. గోడకు ఏసీ కోసం రంధ్రం కోస్తాను, ఎంత కోయమంటారు అని అడిగాడు. అప్పుడు మొదలైంది అసలు పంచాయితీ.

మా వాడలో ఏసీ ఉన్న ఇల్లు ఒక్కటి లేదు. ఏసీ గురించి తెలియని మగవాడూ ఒక్కడు లేడు. ఇంటికొక మనిషి ఎడారిలో ఏదో ఒక క్యాంపులో ఏసీ కింద పండుకుని వచ్చినవాడే. ఆ సాయంత్రాలు మా అరుగు మీద వాళ్లంతా చేరి, ఎవరి క్యాంపు ఏసీని వాళ్లు పొగుడుకునేవారు. పెళ్లాల గురించి కూడా అంత మురిపెంగా చెప్పుకోలేదు ఎవరూ.

"టన్నున్నర లేకుంటె గది ఏసీయే గాదు. మా రూముల ఎనిమిదిమందికి గదే ఉండె," అన్నాడు దోస్తు.

"కంబలి కప్పుకునేటట్టుండాలె. కంబలి పడలేదంటె గది ఉత్త కూలరే," అన్నాడు ఇంకొకాయన.

కంబలి మాట దగ్గర అందరూ తలలాడించారు. వాళ్లకు ఏసీ మంచిచెడ్డలు తేల్చే గీటురాయి అది. బయట పిట్టలు రాలే ఎండ ఉండాలి, లోపల మనిషి కంబలి కప్పుకోవాలి. అక్కడ పడ్డ కష్టమంతటిలో వాళ్లకు దక్కిన సుఖం ఆ ఒక్క కంబలి. నాకు ఆ లెక్క అర్థం కాకపోలేదు. కానీ ఆ బండి ఎనిమిదిమంది గది కాదు. ఒక్క మంచం పట్టే డబ్బా.

ఒక రోజు పొద్దున్నే ఆయన, నేను, దోస్తు బస్సెక్కి జగిత్యాల పోయాం. దుకాణంలో ఏసీలు రెండే ఉన్నాయి. ఒకటి ముప్పావు టన్నుది, బియ్యం డబ్బా కంటే కొంచెం పెద్దది. రెండోది టన్నున్నరది, దాన్ని ఇద్దరు మనుషులు పట్టుకుని జరిపారు. దుకాణదారు ఒకదాని తర్వాత ఒకటి వేసి చూపించాడు. మా ఆయన చేయి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"నా చెయ్యికి ఎర్కకాదు. నువ్వు పెట్టి సూడు," అన్నాడు.

నేను చిన్నదాని ముందు చేయి పెట్టాను. చల్లగానే ఉంది. ఆ మాటే చెప్పాను. ఆయన కాలని చెంపను గాలివైపు తిప్పి కాసేపు నిలబడ్డాడు. తర్వాత పెద్దదాని ముందుకు పోయి అట్లాగే నిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపటికీ అక్కడి నుంచి కదలలేదు.

"సిన్నది సాలదా? బండెంత ఉన్నదని?" అన్నాను.

"సల్లగుంటె సాలదే. గజగజ వణకాలె. మా క్యాంపుల గిట్లనే ఉండె," అన్నాడు కళ్లు తెరవకుండానే.

ఒక డబ్బాలో ఉండి కాలి వచ్చి, ఇంకో డబ్బాలో బతుకుతానంటున్న మనిషితో ఏం వాదిస్తాం. ఆయన మస్కట్ నుంచి పంపగా దాచిన డబ్బంతా పెట్టి పెద్దదే తీసుకున్నాం. దోస్తు తృప్తిగా తల ఊపాడు. ఏసీల గురించి అన్నీ తెలిసిన అంతమంది మగవాళ్లలో ఒక్కరికి కూడా కరంటు గుర్తు రాలేదు. వాళ్లు ఏసీని చూసిన దేశంలో కరంటు పోవడం ఎవరూ చూడలేదు. అక్కడ అది గాలిలాగా ఉండేది. మీట నొక్కితే ఏసీ నడుస్తుంది, అంతవరకే వాళ్ల ఎరుక. నాకు ఏసీయే కొత్త, ఇక దాని తిండి సంగతి నాకేం తెలుసు.

వడ్రంగి రంధ్రం కోశాడు, ఏసీని ఎక్కించారు, స్టెబిలైజరు తగిలించారు. చూడటానికి వాడకట్టు అంతా దొడ్లో నిండింది. దోస్తు మీట నొక్కాడు. బండిలో బల్బు ఎర్రబడి చిన్నబోయింది. ఏసీ ఊఁ అని మూలిగింది, లోపల ఏదో కొట్టుకుంది, టక్కుమని ఆగిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ మూలిగి ఆగింది. పక్కింట్లో టీవీ బొమ్మ ముడుచుకుపోయిందని కేక వినిపించింది. నవ్వులు అప్పుడే మొదలయ్యాయి.

మా వీధికి వచ్చే కరంటుకు అంత పెద్ద ఏసీ లేవదని లైన్‌మన్ చూసి చెప్పాడు. చిన్నదైతే ఎట్లాగో లేచేదట. మర్నాడు దోస్తు జగిత్యాల పోయి అడిగాడు. చిన్నదాన్ని అప్పటికే ఎవరో తీసుకుపోయారు, మళ్లీ వచ్చేది ఎప్పుడో దుకాణదారుకే తెలియదు. ఇంటికి వచ్చి ఆ మాట చెబుతున్నప్పుడు దోస్తు నా ముఖం చూడలేదు. మా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తర్వాతి రోజులు తడిగుడ్డల రోజులు. పాత చీరలు నీళ్లలో ముంచి ఆయన మీద కప్పడం, అవి వెచ్చబడగానే మళ్లీ ముంచడం. మధ్యాహ్నం అయ్యేసరికి ఆయన మాట తడబడేది. నేను పేరు పెట్టి పిలుస్తుంటే ఎవరినో చూసినట్టు చూసేవాడు. నాకు భయం కూడా వేయలేదు. బకెట్, చీర, బకెట్, చీర. చేతులు పని చేస్తుంటే తల మొద్దుబారి ఊరుకుంది.

అట్లా ఉండగా సిరిసిల్ల నుంచి మా వదిన తమ్ముణ్ణి చూసిపోదామని వచ్చింది. ఆమె మా ఆయనకు అక్క. వాళ్లాయన సాంచెల ఆసామి, అంటే కరంటుతో నడిచే మగ్గాల షెడ్డు ఒకటి ఉంది వాళ్లకు. వదిన తమ్ముడి నుదుటి మీద చేయి పెట్టి చూసి, బయటికి వచ్చి, దొడ్లో బండి చుట్టూ తిరిగి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పిల్లా, మా తాన సాంచెలకు వేరే లైనున్నది. కరంటు గింత అన్యాలంగ ఉండది. ఈ బండికి చక్రాలున్నయి గదా, గుంజుకపోతె పోదా?" అంది.

ఇటుకల మీద నిలబెట్టి, పక్కన తులసి గద్దె కూడా కట్టుకున్నాక అది కదిలే బండి అన్న సంగతి మేమంతా మరిచిపోయాం.

తెల్లవారుతుండగానే బయలుదేరాం. ముందు ట్రాక్టరు, వెనక బండి, బండిలో ఆయన, ఆయన మీద తడి చీర, పక్కన నేను, రెండు బిందెల నీళ్లు. వదిన ట్రాక్టరు మీద డ్రైవరు పక్కన కూర్చుంది. గుట్టల మధ్య దారిలో పోతుండగా బండి ఆగింది. తలుపు తీసి చూస్తే ముగ్గురు నిలబడి ఉన్నారు, భుజాలకు తుపాకులు. వాళ్లలో పెద్దవాడికి కూడా సరిగా మీసం రాలేదు. అతను మాడిన రేకు మీద చేయి వేసి చూశాడు.

"గిది కాలువ కాంట్రాక్టరుది గదా. మీకెట్లచ్చింది?" అన్నాడు.

"పాత ఇనుములకెళ్లి తీస్కున్నం. లోపల పానం బాగలేని మనిషున్నడు," అన్నాను.

అతను మెట్టెక్కి లోపలికి చూశాడు. చూసి, గొంతు తగ్గించాడు.

"ఎట్ల గాలింది?"

"మస్కట్ల. కంపినిల."

"కంపినోడు ఏమిచ్చిండు?"

"టికెటిచ్చిండు," అన్నాడు మా ఆయన లోపలి నుంచి.

ఆ పిల్లగాడు దిగి, పొమ్మని చెయ్యి ఊపాడు. చందుర్తి దాటుతుండగా పోలీసులు ఆపారు. తలుపు మళ్లీ తెరిచాను. జమేదారు మెట్టెక్కి చూసి, అదే మాట అదే తీరుగా అడిగాడు. ఎట్ల గాలింది. ఈసారి ఆయన జేబులోంచి పాస్‌పోర్టు తీసి చాపాడు. తడి చీర కింద ఉండి అది అంచులు నానింది. జమేదారు పేజీలు విడదీసి చూసి, ఏసీ వైపు చూసి, ఇంత చిన్న బండికి అంత పెద్దది ఎందుకమ్మా అన్నాడు. ఆ మాట అడగాల్సినప్పుడు ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు పోలీసు అడుగుతున్నాడు. నాకు కోపం వచ్చింది, కానీ దాన్ని చూపించే చోటు అది కాదు.

సిరిసిల్లలో వదిన వాళ్ల షెడ్డు పక్కన వేపచెట్టు కింద బండి పెట్టాం. తీగ లాగి మీట నొక్కితే మళ్లీ అదే మూలుగు. షెడ్డులో సాంచెలన్నీ నడుస్తున్నాయి, ఎదుటి వాళ్ల షెడ్డులో కూడా. ఆ చప్పుడులో మనిషి మాట మనిషికి వినపడదు. వదిన తన భర్త చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పింది. ఆయన లోపలికి పోయాడు. ఒక్కొక్క సాంచె ఆగుతూ వచ్చింది. చివరికి మొత్తం ఆగింది. బల్బు తెల్లబడింది. నేను మీట నొక్కాను. ఏసీ మూలిగింది, కొట్టుకుంది, గుర్రుమని పట్టుకుంది. ఒకసారి పట్టుకున్నాక సాంచెలు మళ్లీ నడిపినా ఆగలేదు. కష్టమంతా లేవడం దగ్గరే.

ఆ తర్వాత అదొక పద్ధతి అయింది. పొద్దున కరంటు కోత, మధ్యాహ్నానికి కరంటు వచ్చేది. అది రాగానే వీధిలో సాంచెలన్నీ ఒక్కసారి లేస్తే ఏసీకి ఇక దిక్కు లేదు. అందుకని మా షెడ్డులో వాళ్లు, ఎదుటి షెడ్డులో వాళ్లు మీటల మీద చేయి వేయకుండా ఆగేవారు. ఏసీ పట్టుకున్నాక నేను బండి మెట్టు మీదికి వచ్చి చేయి పైకెత్తేదాన్ని. అప్పుడు సాంచెలు లేచేవి. నేసిన బట్టకే కూలి వాళ్లకు, ఆగినంతసేపూ చేతికి ఏమీ రాదు. ఏసీ కొన్నిసార్లు ఒక్క పట్టున లేచేది కాదు. నేను లోపల నొక్కుతూ ఉంటే వాళ్లు బయట ఎండలోకి వచ్చి బీడీలు కాల్చుకుంటూ బండివైపు చూసేవారు.

వదిన భర్త ఒకసారి మొహమాటపడి, మీకు నష్టమైతున్నది అన్నాడు వాళ్లతో.

"ముందుగాల గా మనిషికి పట్టనీయుర్రి. బట్ట యాడికి పోతది," అన్నాడు వాళ్లలో ముసలాయన.

రోహిణి కార్తె వచ్చింది. నా భర్త కంబలి కప్పుకున్నాడు. వదిన పెట్టెలోంచి తీసి ఇచ్చిన నల్ల గొంగడి అది. బయట కాకులు కూడా చెట్టు దిగని ఎండలో, లోపల ఆయన గొంగడి గడ్డం దాకా లాక్కుని పడుకున్నాడు. నేను లోపలికి పోతే నాకు వణుకు పుట్టేది. పెద్ద ఏసీ, చిన్న డబ్బా. గోడలకు నీళ్లు పట్టేవి. కోరుట్ల నుంచి దోస్తు వచ్చి చూసి, ఏసీని తానే కనిపెట్టినంత గర్వంగా తిరిగి పోయాడు.

"దుబాయి ఈడికే అచ్చిందే," అన్నాడు ఆయన ఒక రోజు. తర్వాత గొంగడి సర్దుకుని, "మిరుగం నాడు బిడ్డను తీస్కరా. సల్లవడ్డంక. గప్పటికి నేను బయట కూసుంట. ఈ డబ్బల సూస్తె మల్ల భయపడుతది," అన్నాడు.

సరే అన్నాను. మిరుగం ఎంతో దూరం లేదు. నాకు మొదటిసారి ఆశ పుట్టింది. పుట్టిందని ఎవరికీ చెప్పలేదు, చెబితే పోతుందేమోనని.

ఎక్కడో ఎన్‌కౌంటర్ జరిగింది. అన్నలు బంద్ పిలుపు ఇచ్చారు. బస్సులు ఆగాయి, దుకాణాలు మూశారు, సాంచెలు కూడా నడవలేదు. పనివాళ్లంతా ఇళ్లలో ఉండిపోయారు. వాడేవాళ్లు ఎవరూ లేక ఆ రోజు కరంటు నిండుగా ఉంది, కోత కూడా పెట్టలేదు. మీట మీద వేలు పెట్టగానే ఏసీ లేచింది. నేను అలవాటుగా మెట్టు మీదికి వచ్చాను. చేయి ఎత్తి చూపడానికి వీధిలో ఎవరూ లేరు.

"ఇయ్యాల ఎవల పని ఆపలే," అన్నాడు ఆయన. ఆ మాట ఆయన మనసులో ఎన్నాళ్ల నుంచి ఉందో అప్పుడే నాకు తెలిసింది.

జావ తాగి పడుకున్నాడు. నేను మెట్టు మీద నీడలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. సాంచెల చప్పుడు లేని సిరిసిల్లను నేను అంతకుముందు వినలేదు. ఏసీ ఒక్కటే సాఫీగా నడుస్తోంది. పొద్దు వాలుతుండగా లేపుదామని లోపలికి పోయి చేయి పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఆ బండిలో ఆయన ఒళ్లు ఎప్పుడూ చల్లగానే ఉండేది, కాబట్టి నాకు వెంటనే తెలియలేదు. గొంగడి సర్ది, మళ్లీ పిలిచాను. అప్పుడు తెలిసింది.

నేను చేసిన మొదటి పని ఏసీ ఆపడం. తర్వాత వదినను పిలిచాను. ఆమె వచ్చి తమ్ముడి కాళ్ల మీద పడి గుండెలు బాదుకుంది. ఏడ్చి ఏడ్చి, కళ్లు తుడుచుకుని నావైపు తిరిగింది.

"ఏసీ బంద్ చెయ్యకే. బస్సులు లెవ్వు. రేపు బిడ్డ అచ్చేదాక ఉంచాలె," అంది.

మళ్లీ మీట నొక్కాను. ఒక్క పట్టున లేచింది. రాత్రంతా నడిచింది. ఆయన్ని ఎండాకాలం దాటించడానికి కొన్నది, ఆయన్ని తెల్లవారే దాకా ఉంచడానికి పనికి వచ్చింది. నేను పక్కన కూర్చున్నాను. నాకు చలి వేసింది. అది తప్ప ఇంకేమీ తెలియలేదు.

మర్నాడు బంద్ ముగిసింది, కబురు అంది మా అమ్మ బిడ్డను తీసుకుని వచ్చింది. బిడ్డ మెట్టెక్కి లోపలికి వచ్చింది, ఈసారి అరవలేదు. తండ్రిని కాదు, గోడలను చూసింది.

"అమ్మా, గిండ్ల మస్తు సల్లగున్నది," అంది.

అవును బిడ్డా అన్నాను. ఆయన్ని మానేరు ఒడ్డుకు తీసుకుపోయారు. అంతసేపు అంత జాగ్రత్తగా చల్లబరిచిన ఒంటిని చివరికి నిప్పుకే ఇచ్చారు. నేను ఆడదాన్ని, అక్కడికి పోలేదు. పోయినా చూసేదాన్ని కాదు.

ఆ తర్వాతి రోజు పనివాళ్లు వచ్చారు. పొద్దున మామూలుగా కరంటు పోయింది. నేను వదిన వాళ్ల వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం నెత్తి మీద ఫ్యాను తిరగడం మొదలైంది. కరంటు వచ్చింది. సాంచెలు లేస్తాయని కళ్లు మూసుకున్నాను. లేవలేదు. ఎదుటి షెడ్డులో కూడా లేవలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. మోటారు పోయిందేమోనని లేచి షెడ్డు గుమ్మం దాకా పోయాను. ఎవరి సాంచె దగ్గర వాళ్లు నిలబడి ఉన్నారు. చేతులు మీటల మీద లేవు. ముసలాయన నన్ను చూసి తల దించుకున్నాడు. అలవాటు కొద్దీ ఆగారో, ఆయన కోసమే ఆగారో నాకు ఇప్పటికీ తెలియదు. మేము లేపుతాం, ఇక మీరు పోండి అని నాతో అనే ధైర్యం వాళ్లకు లేదు. మీరు నడుపుకోండి అని చెప్పడానికి నాకు గొంతు రాలేదు.

బండి దగ్గరికి పోయాను. మెట్టెక్కాను. గొంగడి మడత పెట్టి మంచం మీద ఉంది. మీట నొక్కాను. బల్బు ఎర్రబడింది, ఏసీ మూలిగింది, కొట్టుకుంది, ఆగింది. మళ్లీ నొక్కాను. ఈసారి పట్టుకుంది. గాలి ఖాళీ మంచం మీదికి రావడం మొదలైంది. నేను మెట్టు మీదికి వచ్చి నిలబడి చేయి పైకెత్తాను.

మా షెడ్డులో సాంచెలు లేచాయి, తర్వాత ఎదుటి షెడ్డులో, తర్వాత వీధంతా. ఆ చప్పుడులో మనిషి గొంతు మనిషికి వినపడదు. నేను లోపలికి పోయి తలుపు వేసుకుని, ఆటో దిగిన రోజు నుంచి ఏడవనిదంతా గట్టిగా ఏడ్చాను.